కుర్రాడు అమెచ్యూర్, పోటీ ప్రొఫెషనల్: బ్యాగ్ మోసేవాళ్లు ఏం చేయాలి

మీ గోల్ఫ్ క్లబ్‌లో బాగా ఆడే పదిహేడేళ్ల కుర్రాడికి ప్రొఫెషనల్ టోర్నమెంట్‌లో అమెచ్యూర్‌గా, అంటే ప్రైజ్ మనీ తీసుకోకుండా, ఆడే అవకాశం వచ్చింది. "అన్నా, బ్యాగ్ నువ్వే పట్టుకోవాలి" అన్నాడు. మీకు గోల్ఫ్ తెలుసు, ఆ కుర్రాడి ఆటా తెలుసు. కానీ ఇంత పెద్ద పోటీలో క్యాడీగా, అంటే బ్యాగ్ మోస్తూ సలహా చెప్పే మనిషిగా, ఎప్పుడూ నడవలేదు. మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. గోల్కొండ నయా ఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు, విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సు మనసులో పెట్టుకుని చెబుతున్నాను. రెండు చోట్లా ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా, అంటే పీజీటీఐ, పోటీలు జరిగాయి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆ కుర్రాడికి ఆట వచ్చు కాబట్టే అక్కడిదాకా వచ్చాడు. ఆ నాలుగు రోజుల్లో మీరు అతని స్వింగ్‌ను బాగు చేయలేరు. సరైన అంకె, అంటే బంతి వెళ్లాల్సిన దూరం, చెప్పి, తొందర లేకుండా నిర్ణయం తీసుకునే వీలు కల్పించగలరు. నేను చూసినంతలో, కుర్రాళ్ల క్యాడీలు చేసే నష్టమంతా ఎక్కువ మాట్లాడటం వల్లే వస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఒప్పుకునే ముందు కూర్చుని మాట్లాడుకోండి

పోటీకి వారం ముందు ఓ అరగంట ఇద్దరే కూర్చోండి. దూరాలు ఎలా చెప్పమంటాడో అడగండి. కొందరికి ఒక్క అంకె చాలు, కొందరికి గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) ముందు అంచు, పిన్ (హోల్‌లో నిలిపే జెండా), వెనక అంచు అన్నీ కావాలి. గ్రీన్ మీద లైన్, అంటే బంతి దొర్లాల్సిన దారి, చూడమంటాడా, అడిగినప్పుడే చెప్పమంటాడా? చెత్త షాట్ పడ్డాక మీరు పక్కనే నడవాలా, నాలుగడుగులు వెనక ఉండాలా? ఈ జవాబులు ముందే తెలిస్తే ఏడో హోల్ దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవసరం రాదు.

తర్వాత అమ్మానాన్నలతో మాట్లాడండి. ఇది మొహమాటపడితే కుదరని విషయం. నిబంధనల ప్రకారం రౌండ్ నడుస్తున్నంతసేపూ ప్లేయర్ సలహా అడగగలిగేది తన క్యాడీనే. నాన్నగారు ప్రేక్షకుల తాడు అవతల నిలబడి "సెవెన్ ఐరన్ తీసుకోరా" అని ఏ క్లబ్ (బంతి కొట్టే కర్ర) వాడాలో ఒకసారి చెబితే, అడక్కుండా వచ్చిన సలహా కాబట్టి వెంటనే పెనాల్టీ పడదు. అదే మనిషి మళ్లీ మళ్లీ చెబుతుంటే మాత్రం ఆపే ప్రయత్నం ప్లేయరే చేయాలి. చేయకపోతే అతనే అడిగినట్టు లెక్క, రెండు స్ట్రోకులు (దెబ్బలు) స్కోరుకు కలుస్తాయి. తెలుగులో చెబితే రిఫరీకి అర్థం కాదులే అనుకోవద్దు. "అంకుల్, నాలుగు రోజులూ మీరు చప్పట్లు మాత్రమే కొట్టాలి" అని నవ్వుతూనే, గట్టిగా చెప్పండి.

అమ్మానాన్నలే బ్యాగ్ పట్టుకోకూడదా అంటే, పట్టుకోవచ్చు. భారత గోల్ఫర్ అదితీ అశోక్‌కు 2016 రియో ఒలింపిక్స్‌లో తండ్రి, టోక్యోలో తల్లి క్యాడీలుగా నడిచారు. టోక్యోలో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. ఇంట్లో వాళ్లు బ్యాగ్ పట్టుకున్నంతసేపూ క్యాడీలుగా ఉండగలిగితే అంతకంటే మంచి జోడీ ఉండదు. అలా ఉండటం చాలామంది తల్లిదండ్రులకు కష్టం, అందుకే మిమ్మల్ని అడిగారు.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ప్రొఫెషనల్ క్యాడీకి రోజువారీ మొత్తంతో పాటు ప్రైజ్ మనీలో వాటా వచ్చే పద్ధతి ఉంది. మీ కుర్రాడు అమెచ్యూర్, గెలిచినా ఆ డబ్బు ముట్టుకోలేడు. 2024 జనవరిలో నిక్ డన్‌లాప్ అనే కాలేజీ కుర్రాడు అమెరికాలో పీజీఏ టూర్ పోటీ 'ది అమెరికన్ ఎక్స్‌ప్రెస్' గెలిచాడు. విజేతకు దక్కాల్సిన 15 లక్షల డాలర్లకు పైగా సొమ్ము రెండో స్థానంలో నిలిచిన క్రిస్టియాన్ బెజూడెన్‌హాట్‌కు వెళ్లింది. కాబట్టి వాటా లెక్కలు వద్దు. రోజుకు ఇంత, ప్రయాణం, భోజనం, బస అని స్పష్టంగా మాట్లాడుకోండి.

ప్రాక్టీస్ రౌండ్ రోజు కాళ్లతో కొలవండి

సొంత కోర్సే అయినా కొత్త కోర్సు అనుకుని నడవండి. టోర్నమెంట్‌కి టీలు (హోల్ మొదలయ్యే చోట్లు) వెనక్కి పోతాయి, రఫ్ (ఆట దారి పక్కనున్న పొడవు గడ్డి) పెరుగుతుంది, గ్రీన్లు వేగంగా ఉంటాయి. సభ్యులు ఆదివారం ఆడే కోర్సు, ఆ వారం కోర్సు ఒకటి కాదు.

యార్డేజ్ బుక్, అంటే ప్రతి హోల్ దూరాలు గీసి ఉన్న పుస్తకం, ఇస్తే తీసుకోండి, లేకపోతే చిన్న నోటుబుక్‌లో మీరే గీసుకోండి. మీ పెద్ద అడుగు ఒక గజానికి సరిపోయేలా ముందే ఇంటి దగ్గర టేపుతో సరిచూసుకుని అలవాటు చేసుకోండి. ప్రతి హోల్‌కీ కొన్ని సంగతులు తప్పకుండా రాయాలి. టీ నుంచి బంకర్ (ఇసుక గుంట) దాటడానికి ఎంత, ఫెయిర్‌వే (గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) అయిపోయేది ఎక్కడ, హద్దు చూపే తెల్ల కర్రలు ఏ పక్క ఉన్నాయి, గ్రీన్ లోతు ఎంత. అన్నిటికంటే ముఖ్యం, గ్రీన్ తప్పితే ఏ పక్క తప్పితే బతుకుతాం అన్నది. దాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. పోటీ రోజు టెన్షన్‌లో ఎక్కువగా చూసేది ఆ పదమే.

నాలుగు రోజుల్లో పిన్ నాలుగు చోట్లకు మారుతుంది. ప్రాక్టీస్ రౌండ్‌లో ఇవాళ్టి జెండా వైపు పట్ చేయడం (బంతిని దొర్లించి కొట్టడం) దండగ. గ్రీన్ మీద చదునుగా ఉన్న మూలలు వెతికి, అక్కడ టీ పెగ్ పెట్టి, దాని వైపు బంతులు దొర్లించమనండి. ఎటు తిరిగిందో బాణం గుర్తు వేసుకోండి.

వేరే ఊరి నుంచి వచ్చిన వాళ్లు గాలినీ ఎత్తునీ పట్టించుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విశాఖలో 150 గజాలు వెళ్లే షాట్ ఇక్కడ రెండు మూడు గజాలు ఎక్కువ వెళ్లొచ్చు. ఇక్కడి కుర్రాడు విశాఖ వెళ్తే దీనికి రివర్స్, పైగా సముద్రపు గాలి కూడా ఉంటుంది. అందుకే మొదటి రోజు రేంజ్‌లో, అంటే ప్రాక్టీస్ మైదానంలో, ఒక్కో ఐరన్ ఎక్కడ పడుతోందో కొత్తగా రాసుకోండి. ఇంట్లో రాసుకున్న పాత పట్టికను నమ్మొద్దు.

ముందు రోజు రాత్రి బ్యాగ్

బ్యాగ్ మొత్తం ఖాళీ చేసి మళ్లీ సర్దండి. క్లబ్బులు పద్నాలుగు మించకూడదు. రాత్రి ఒకసారి, రేంజ్ నుంచి బయటికి వస్తూ ఒకసారి, మొదటి టీ మీద ఒకసారి లెక్కపెట్టండి. లెక్క చూసేటప్పుడు తలల మీద చేయి పెట్టి పైకి అంకె చెబుతూ లెక్కించండి, చూపుతో వద్దు. 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రౌండ్‌లో ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లోనే బర్డీ (ఆ హోల్‌కి అనుకున్నదానికంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి రెండో టీకి వచ్చాడు. రేంజ్‌లో పరీక్షించిన రెండో డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) బ్యాగ్‌లోనే ఉండిపోయిందని క్యాడీ అప్పుడు చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. వూస్నమ్ ఆ పోటీని మూడో స్థానం పంచుకుని ముగించాడు. రేంజ్‌కి అదనపు క్లబ్ తీసుకెళ్తే అది తిరిగి కారులోకి వెళ్లాకే మొదటి టీ వైపు నడవండి.

బంతుల విషయంలో కుర్రాళ్లు తరచూ పొరపాటు పడతారు. చాలా ప్రొఫెషనల్ పోటీల్లో 'వన్ బాల్' స్థానిక నియమం ఉంటుంది, అంటే రౌండ్ మొదలుపెట్టిన బ్రాండూ మోడలే చివరిదాకా వాడాలి. బ్యాగ్ అడుగున ఉన్న పాతవి, గిఫ్ట్‌గా వచ్చినవి అన్నీ తీసేయండి. ఒకే రకం బంతులు డజను దాకా పెట్టి, ప్రతిదానిమీదా అతని గుర్తు వేయించండి.

మిగతావి: రెండు టవళ్లు, అందులో ఒకటి సగం తడిపి, పొడి ప్లాస్టిక్ కవర్లో రెండు గ్లవ్స్, గొడుగు, బ్యాగ్‌కి వాన తొడుగు, టీ పెగ్‌లు, బంతి చోటు గుర్తుపెట్టే మార్కర్లు, పెన్సిళ్లు, బ్యాండ్‌ఎయిడ్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అన్నీ సర్దాక బ్యాగ్ పది కిలోలు దాటుతుంది. దాన్ని భుజాన వేసుకుని ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు నడవాలి, మర్నాడు మళ్లీ నడవాలి. పట్టీలు రెండు భుజాల మీదా సమంగా పడేలా సరిచేసుకోండి. కొత్త బూట్లు ఆ వారం వేసుకోకండి, మెత్తటి అడుగున్న పాతవే మేలు.

పోటీ రోజు ఉదయం

కుర్రాడి కంటే గంట ముందు కోర్సుకు చేరండి. పిన్ షీట్, అంటే ఆ రోజు జెండాలు ఎక్కడున్నాయో చెప్పే కాగితం, తీసుకుని, వీలైతే దగ్గరున్న రెండు మూడు గ్రీన్లు నడిచి చూసి రండి. చూడటం వరకే. పోటీ రోజు రౌండ్‌కు ముందు కోర్సు మీద ప్రాక్టీస్ చేయకూడదు, గ్రీన్ మీద బంతి దొర్లించి చూడటం మీరూ చేయకూడదు.

పిన్ షీట్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి: ముందు అంచు నుంచి ఎన్ని గజాలు, దగ్గరి పక్క అంచు నుంచి ఎన్ని గజాలు. వాటిని యార్డేజ్ బుక్‌లో ప్రతి హోల్ దగ్గరా ఎక్కించుకోండి. అదే కాగితం మీద స్థానిక నియమాలు ఉంటే రెండుసార్లు చదవండి. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ వాడనిస్తారో లేదో అందులోనే తెలుస్తుంది. మామూలుగా అనుమతి ఉంటుంది, కమిటీ కాదనొచ్చు. వాడనిచ్చినా ఎత్తుపల్లాలు లెక్కించే స్లోప్ బటన్ ఆఫ్‌లో ఉండాలి.

టీ టైమ్‌కి పది నిమిషాల ముందే మొదటి టీ దగ్గర ఉండండి. అయిదు నిమిషాల లోపు ఆలస్యమైతే రెండు స్ట్రోకులు, అంతకు మించితే పోటీ నుంచి ఔట్. తోటి ఇద్దరు ప్రొఫెషనల్స్‌కీ, వాళ్ల క్యాడీలకూ మీ పేరు చెప్పి నమస్కారం పెట్టండి. కుర్రాడు ఏ బంతి ఆడుతున్నాడో, దానిమీద ఏ గుర్తుందో వాళ్లకు చెప్పించండి.

మొదటి టీ మీద పేరు మైకులో పిలిచినప్పుడు కుర్రాడి గుండె వేగం ఎంత ఉంటుందో మీరు ఆపలేరు. గురి మాత్రం చిన్నది చేయగలరు. "ఫెయిర్‌వేలో కొట్టు" అనకండి. దూరంగా కోట గోడ కనిపిస్తే, "గోడ మీద ఆ నల్ల మచ్చ చూడు, దానికి కొట్టు" అనండి. కంటికి ఒక పని దొరికితే బుర్ర కాసేపు ఊరుకుంటుంది.

అంకె చెప్పడం

మీ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

కుర్రాడు బంతి దగ్గరకు చేరేసరికి అంకె మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. నియమాల పుస్తకం ఒక షాట్‌కి 40 సెకన్లు చాలంటుంది. గ్రూపు వెనకపడితే వాచ్ పట్టుకున్న అధికారి పక్కనే నడుస్తాడు. మీరు రెండడుగులు ముందు నడిచి, దగ్గర్లోని స్ప్రింక్లర్ మూతో, దూరం రాసి ఉన్న గుర్తో చూసి, అక్కడి నుంచి బంతి దాకా అడుగులు కొలిచి, కూడిక తీసివేత పూర్తి చేయాలి. లేజర్ ఉన్నా ఇది మానకండి. లేజర్ జెండా దాకా ఎంతో చెబుతుంది. గ్రీన్ ఎక్కడ మొదలవుతుందో, బంకర్ ఎక్కడ అయిపోతుందో పుస్తకమే చెబుతుంది.

ఒక పార్ 4లో, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో, రెండో షాట్ అనుకుందాం. గ్రీన్ లోతు 26 గజాలు. సంభాషణ ఇలా ఉండాలి. మొదటి మాట మీది, అంకెలన్నీ గజాల్లో.

"ముందు అంచు 138. పిన్ 17 లోపల. మొత్తం 155."

"బంకర్?"

"దాటడానికి 142. పిన్ వెనక 9 ఉంది, ఆ తర్వాత పల్లం."

"గాలి?"

"ఎదురు. అయిదు గజాలు తినేస్తుంది."

ఇక్కడ ఆగండి. అతన్ని ఆలోచించనివ్వండి. అతని ఎనిమిదో ఐరన్ 152 వెళ్లి పడుతుంది, ఏడో ఐరన్ 163. గాలి తీసేస్తే ఎనిమిదోది 147 దగ్గర పడి, మూడు గజాలు దొర్లి గ్రీన్ మధ్యలో ఆగుతుంది. బంకర్ దాటినట్టే, బర్డీ పట్ ఒక అయిదు గజాలు. ఏడోది 158 దగ్గర పడి 161 దాకా వెళ్తుంది. కాస్త గట్టిగా తగిలిందా, వెనక పల్లంలోకి పోతుంది. కుర్రాడు "ఏడు మెల్లగా కొట్టనా అన్నా?" అంటాడు. అప్పుడు మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో చెప్పండి: "ఎనిమిది, నిండు స్వింగ్, గ్రీన్ మధ్యలోకి." టెన్షన్‌లో ఉన్న చేతులకు సగం స్వింగ్ కంటే నిండు స్వింగ్ తేలిక.

అయినా అతను ఏడే తీస్తే? ఒకసారి చెప్పారు, చాలు. "సరే, ఏడు మంచిదే. మెల్లగా, ఫినిష్ దాకా వెళ్లు" అని నమ్మకంగా చెప్పి పక్కకు జరగండి. అనుమానంతో కొట్టిన సరైన క్లబ్ కంటే నమ్మకంతో కొట్టిన కొంచెం తప్పు క్లబ్ నయం. బంతి పల్లంలోకి పోయినా "నేను చెప్పానుగా" అనే మాట ఆ రోజే కాదు, ఎప్పుడూ మీ నోటి వెంట రాకూడదు.

లెక్కకు కొన్ని అలవాట్లు. గ్రీన్ మూడడుగులు ఎత్తులో ఉంటే ఒక గజం కలపండి, కింద ఉంటే తీసేయండి. ఎదురుగాలి లాక్కున్నంత దూరం వెనకగాలి తిరిగి ఇవ్వదు, కాబట్టి వెనకగాలిని నమ్మి పెద్ద తగ్గింపు చేయకండి. గాలిని బంతి దగ్గర కాకుండా జెండా దగ్గర, చెట్ల తలల దగ్గర చూడండి. కుర్రాడు బర్డీ కొట్టి వచ్చిన తర్వాతి హోల్‌లో ఒంట్లో ఊపు ఎక్కువుంటుంది, బంతి మామూలు కంటే దూరం పోతుంది. ఆ హోల్‌లో రెండు క్లబ్బుల మధ్య సందేహం వస్తే చిన్నదే ఇవ్వండి.

ఒక అంకె తప్పు చెప్పినట్టు షాట్‌కి ముందే గుర్తొస్తే వెంటనే "ఆగు" అనండి. అతను స్టాన్స్‌లో (కొట్టడానికి సిద్ధంగా నిలబడి) ఉన్నా సరే. షాట్ కొట్టనంత వరకు ఆపడంలో ఏ నష్టమూ లేదు.

గ్రీన్ మీద

బ్యాగ్‌ని తర్వాతి టీ వైపు గ్రీన్ బయట దించండి. ఎవరి పట్ లైన్ మీదా అడుగు వేయకండి, మీ నీడ హోల్ మీద పడకుండా చూసుకోండి. బంతి తుడవడం, పిచ్ మార్క్ (బంతి పడి ఏర్పడిన గుంట) సరిచేయడం, జెండా చూడటం మీ పని. మొదట పట్ ముగించిన ప్లేయర్ క్యాడీ జెండా పట్టుకుని, అందరూ అయ్యాక తిరిగి పెట్టడం మర్యాద. ప్రొఫెషనల్స్ క్యాడీలు ఇవన్నీ మాట్లాడకుండానే పంచుకుంటారు, మొదటి మూడు హోల్స్ వాళ్లను గమనిస్తే అలవాటైపోతుంది.

గ్రీన్ మీద బంతిని మార్క్ చేసి మీరు ఎత్తవచ్చు, దానికి ప్రతిసారీ అనుమతి అక్కర్లేదు. కుర్రాడు ఎత్తిన బంతిని మీరు తిరిగి పెట్టకండి, అతనే పెట్టాలి.

లైన్ చెప్పమంటే చుట్టుపక్కల నేల వాలు ముందు చూడండి. వాన పడితే ఈ గ్రీన్ మీద నీళ్లు ఎటు పోతాయి అని ఆలోచిస్తే సగం జవాబు వచ్చేస్తుంది. తర్వాత గడ్డి. మన దగ్గర ఎక్కువగా కనిపించే బెర్ముడా గడ్డికి 'గ్రెయిన్', అంటే ఒక వైపుకు పడుకుని పెరిగే గుణం, ఉంటుంది. గడ్డి మెరుస్తూ కనిపిస్తే మీ నుంచి అవతలకు పడుకుని ఉందని, బంతి వేగంగా పోతుంది. ముదురు రంగులో మసకగా కనిపిస్తే మీ వైపు పడుకుని ఉందని, బంతి ఆగిపోతుంది. హోల్ అంచు చూడండి: ఏ పక్క గడ్డి కొసలు అరిగి గరుకుగా ఉంటే గడ్డి ఆ పక్కకు పెరుగుతోంది. మధ్యాహ్నానికి గడ్డి పెరిగి ఈ ప్రభావం ఇంకా ఎక్కువవుతుంది.

ఇవన్నీ చూశాక కుర్రాడికి చెప్పేది చిన్నదిగా ఉండాలి: "కుడి అంచుకు ఒక బంతి బయట, నెమ్మదిగా."

క్యాడీ చేసే తప్పుకు ప్లేయర్‌కు పడే పెనాల్టీలు

మీరు నియమం తప్పితే శిక్ష కుర్రాడికే. ఈ కొన్నిటినీ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి.

అతను స్టాన్స్ తీసుకోవడం మొదలుపెట్టాక అతని వెనక, బంతికీ గురికీ కలిపే గీత మీద నిలబడకండి. 2019 జనవరిలో దుబాయ్‌లో చైనా ఆటగాడు లీ హావోటాంగ్‌కు చివరి హోల్ చిన్న పట్ దగ్గర సరిగ్గా ఇందుకే రెండు స్ట్రోకులు పడ్డాయి, మూడో స్థానం నుంచి పన్నెండుకు జారాడు. ఆ తర్వాత నియమం కొంత సడలించారు. షాట్ కొట్టకముందే ప్లేయర్ స్టాన్స్ వదిలి వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడితే పెనాల్టీ లేదు. అయినా మీకు ఒకటే అలవాటు ఉండాలి. అంకె చెప్పారు, క్లబ్ ఇచ్చారు, పక్కకు వచ్చేశారు.

ఎండలో గొడుగు పట్టుకుని నడవండి, కానీ షాట్ కొట్టే సమయంలో అతని తల మీద గొడుగు పట్టకండి, ఎండకు అడ్డంగా నిలబడకండి. రెండు స్ట్రోకులు.

వేరే క్యాడీని "ఏ క్లబ్ కొట్టారు?" అని అడగకండి. వాళ్ల బ్యాగ్ వైపు చూసి తెలుసుకోవచ్చు. కప్పిన టవల్ పక్కకు జరిపి చూస్తే మాత్రం తప్పు. ఫలానా చోటుకు ఎంత దూరం, ఫలానా నియమం ఏమిటి అన్నవి ఎవరినైనా అడగవచ్చు.

బంతి పోయినట్టు అనిపిస్తే రెండో బంతి కొట్టే ముందు "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అనే మాట అతను పైకి అనాలి. అనకపోతే ఆ రెండోదే ఆటలోకి వచ్చేస్తుంది. వెతకడానికి మూడు నిమిషాలు, ఆ గడియారం ప్లేయర్ గానీ మీరు గానీ వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి నడుస్తుంది. కాబట్టి మీరు పరుగెత్తుకెళ్లి ఒంటరిగా పొదలు కదపకండి, అందరూ వచ్చాక మొదలుపెట్టండి. వెతికేటప్పుడు పొరపాటున కాలు తగిలి బంతి కదిలితే పెనాల్టీ లేదు, తిరిగి అక్కడే పెట్టాలి. వెతకని సమయంలో ఫెయిర్‌వేలోనో రఫ్‌లోనో మీ కాలు తగిలితే ఒక స్ట్రోక్.

డ్రాప్ చేయాల్సింది, అంటే నియమం ప్రకారం బంతిని చేత్తో కింద వదలాల్సింది, ప్లేయర్ మాత్రమే. బంకర్‌లో ఇసుక ఎలా ఉందో మీరు చేత్తో చూడకండి, బంతి బయటకు వచ్చాకే ఇసుక చదును చేసే రేక్ పట్టండి. ఏ అనుమానం వచ్చినా రిఫరీని పిలవండి. పిలవడం వల్ల చిన్నతనం ఏమీ లేదు, ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న ప్రొఫెషనల్స్ కూడా పిలుస్తారు.

షాట్ల మధ్య

రౌండ్ అయిదు గంటలు దాకా సాగుతుంది, అందులో బంతి కొట్టే సమయం కొన్ని నిమిషాలే. మిగతా సమయాన్ని నడిపించేది మీరు. ప్రతి రెండు హోల్స్‌కీ నీళ్లు చేతికి ఇవ్వండి, దాహం వేసేదాకా ఆగొద్దు. నాలుగో హోల్, ఎనిమిదో హోల్, పన్నెండో హోల్ దగ్గర ఏదో ఒకటి తినిపించండి: సగం అరటిపండు, ఖర్జూరాలు, పల్లీ పట్టీ ముక్క. ఆకలి లేదంటాడు, అయినా ఇవ్వండి. పదిహేనో హోల్‌లో పట్ అడుగు పొట్టిగా ఆగడానికి చాలాసార్లు కారణం ఖాళీ కడుపే. సన్‌స్క్రీన్ రాసుకుంటే చేతులు వెంటనే తుడుచుకోమనండి, గ్రిప్ జారుతుంది.

డబుల్ బోగీ (పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువ) పడిందనుకోండి. తర్వాతి టీ దాకా ఏమీ అనకండి. ముఖ్యంగా "పర్లేదు, పర్లేదు" అని వెంటపడకండి. కుర్రాడికి అది జాలిలా వినిపిస్తుంది. టీ దగ్గరకు వచ్చాక నీళ్లిచ్చి, క్రికెట్ గురించో, రాత్రి ఎక్కడ బిర్యానీ తినాలనో మాట్లాడండి. డ్రైవర్ చేతికిచ్చేటప్పుడు మళ్లీ గురి, మళ్లీ అంకె, అదే గొంతుతో. మీ గొంతు మారిందా, అతనికి వెంటనే తెలిసిపోతుంది. బర్డీ పడినప్పుడూ అంతే, పిడికిలి తగిలించి నడవండి.

స్వింగ్ గురించి అడుగుతాడు. "అన్నా, చేతులు లేటవుతున్నాయా?" అని. ఏం కనిపించినా చెప్పకండి. "రేంజ్‌లో చూద్దాం, ఇప్పుడు టెంపో చూసుకో" అంటే సరిపోతుంది. కోర్సు మధ్యలో ఇచ్చిన ఒక్క స్వింగ్ చిట్కా మిగతా హోల్స్ అన్నిటినీ పాడు చేయగలదు.

2012లో న్యూజిలాండ్ అమెచ్యూర్ లిడియా కో పదిహేనేళ్లకే కెనడియన్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. అప్పుడు ఆమె బ్యాగ్ మోసింది పోటీ జరిగిన వాంకూవర్ గోల్ఫ్ క్లబ్ సభ్యుడొకరు. కోర్సు గురించి ఆయనకు తెలిసింది చెప్పాడు, ఆట ఆమె చూసుకుంది. మీకూ అంతే చాలు.

కార్డు, కట్, ఆ తర్వాత

ప్రతి హోల్ స్కోరు మీ పుస్తకంలోనూ రాసుకోండి. చివరి పట్ అయ్యాక కుర్రాడు అందరికీ టోపీ తీసి చేయి కలిపి, నేరుగా స్కోరింగ్ దగ్గరకు వెళ్లాలి. ఫోన్లు, ఫొటోలు, నాన్నగారి ప్రశ్నలు అన్నీ తర్వాత. సంతకం పెట్టే ముందు ఒక్కో హోల్ మీ లెక్కతో సరిచూసుకోమనండి. ఏదైనా హోల్‌లో నిజంగా కొట్టినదానికంటే తక్కువ స్కోరు మీద సంతకం పెడితే డిస్‌క్వాలిఫై. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే ఉండిపోతుంది. రౌండ్‌లో ఏ నియమం మీదైనా సందేహం మిగిలి ఉంటే సంతకానికి ముందే అధికారులకు చెప్పాలి.

ఆ రోజు ఆట గురించి విశ్లేషణ భోజనం తర్వాతే. అతను మొదలుపెడితేనే మాట్లాడండి. ఎన్ని ఫెయిర్‌వేలు, ఎన్ని గ్రీన్లు, ఎన్ని పట్‌లు అన్న లెక్క మీ దగ్గరుంటే, "పటింగ్ పోయింది అన్నా" అన్నప్పుడు "30 పట్‌లే, పోయింది వెడ్జ్‌ల దగ్గర" అని చూపించవచ్చు. సాయంత్రం రేంజ్‌లో ఏం చేయాలో ఆ లెక్కే చెబుతుంది.

రెండో రోజు చివర కట్ పడుతుంది, అంటే స్కోరు చాలనివాళ్లు మిగతా రెండు రోజులు ఆడలేరు. కట్ దాటకపోతే ఆ సాయంత్రమే ఊరికి బయలుదేరకుండా మర్నాడు కోర్సుకు తీసుకెళ్లండి. తాడు అవతల నిలబడి, ఆధిక్యంలో ఉన్నవాళ్లు కష్టమైన పిన్‌కు ఎక్కడ కొడుతున్నారో తొమ్మిది హోల్స్ చూడనివ్వండి. ఎక్కువమంది గ్రీన్ మధ్యలోకే కొట్టడం అతను తన కళ్లతో చూస్తాడు. కట్ దాటితే మూడో రోజు టీ టైమ్ మారుతుంది. రాత్రికే కొత్త టైమ్ చూసి, అలారం మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి.

పోటీ అయ్యాక క్లబ్బులు కడిగి, గ్రిప్‌లు తుడిచి, పద్నాలుగూ లెక్కపెట్టి అప్పగించండి. యార్డేజ్ బుక్‌లో మీరు రాసిన గాలి, గ్రెయిన్, పిన్ గుర్తులన్నీ శుభ్రంగా తిరగరాసి అతనికి ఇవ్వండి. వచ్చే ఏడాది అదే కోర్సులో బ్యాగ్ ఎవరు పట్టుకున్నా అవి పనికొస్తాయి. క్యాడీమాస్టర్‌కు, స్కోరర్లకు చెప్పాల్సిన థాంక్స్ మాత్రం కుర్రాడి చేతే చెప్పించండి.